కొప్పెర గోకు

అకిరోపితను మా ఊళ్ళో ఎవరు తలుచుకున్నా ముందు ఆమె నోటిని తలుచుకుంటారు. ఆ నోటికి మాటలోనూ పేరుంది, రుచిలోనూ పేరుంది. అతిమధురం కార్ఖానాలో బిళ్ళలు కోసే బల్ల దగ్గర చాలా ఏళ్ళు నేను ఆమె పక్కనే కూర్చున్నాను. కొప్పెరలోంచి దిగిన నల్లటి ముద్దను పిసికి, తాళ్ళలా సాగదీసి, చిన్న చిన్న ముక్కలుగా కోయడం మా పని. ముద్ద బల్ల మీదికి రాగానే అకిరోపిత చిటికెన వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకునేది. ఇది సముద్రం ఒడ్డున తవ్విన వేరు, ఇది నది ఒండ్రులో పెరిగింది, ఇది సరిగా ఆరకముందే ఉడకేశారు అని తేల్చేసేది. తప్పు చెప్పినా ఎవరూ కాదనేవాళ్ళు కాదు. ఆ నోటికి అంత భయం.

కార్ఖానాలో సరుకు మూడు రకాలు. శుద్ధం అంటే వేరును ఉడకేసి పిండిన రసం తప్ప మరేమీ కలవనిది. గాజుపెంకులా మెరుస్తుంది, ముందు చేదు తగిలి తర్వాత తీపి మిగులుతుంది. బంక రకం అంటే ఆ రసంలో తుమ్మబంకా పంచదారా కలిపి మెత్తగా చేసింది. పిల్లలు నములుతారు. మూడోదాన్ని ఆఫీసులో తీపి రకం అనేవారు, బల్ల దగ్గర మేం ఉత్త పిండి అనేవాళ్ళం. గోధుమపిండి, చెరకు మడ్డి, సోంపు నూనె, నలుపు కోసం మాడ్చిన పంచదార. వేరు రసం పేరుకు మాత్రమే. అది రైలెక్కి ఉత్తరాదికి పోయేది. దాన్ని కోసే రోజుల్లో అకిరోపిత మూతి ముడుచుకుని కూర్చునేది.

"మా అత్తలో దయ ఎంతుందో ఇందులో అతిమధురం అంతుంది" అనేది.

ఆమె భర్త బర్తొలో కొప్పెర మనిషి. మనిషి లోతు రాగి కొప్పెరలో రసం పగలంతా మరుగుతుంటే, పొడుగాటి చెక్క తెడ్డుతో కలుపుతూ, అది ముద్దగా మారే అదను కనిపెట్టి మంట తీయించేవాడు. కాస్త ముందు తీస్తే ముద్ద చేతులకు అంటుకుంటుంది, కాస్త ఆలస్యమైతే మాడిపోతుంది. శనివారం మంట ఆరాక, వారమంతా కొప్పెర అంచు చుట్టూ పేరుకున్న పెచ్చును మొండి కత్తితో గీకి తీసేవాడు. దాన్నే గోకు అనేవాళ్ళం. గోకు కొప్పెర మనిషిది. యజమాని కూడా అందులో చిటికెడు అడగడు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియని ఆచారం అది. మళ్ళీ మళ్ళీ మరిగి, మళ్ళీ మళ్ళీ ఎండిన ఆ పెచ్చులో వేరులోని సారమంతా ఉంటుందని, అది శుద్ధం కంటే శుద్ధమని అందరి నమ్మకం. ఏ అంగట్లోనూ దొరకదు. కొప్పెర మనిషి ఇంటికి కోడలు వస్తే అత్త ఆమె చేతిలో మొదట పెట్టేది గోకు డబ్బానే.

బర్తొలో తల్లి ఫిలొమేన కూడా పెళ్ళయిన మర్నాడు కోడలి చేతిలో ఆ రేకు డబ్బా పెట్టింది. గోకును గోరువెచ్చటి నీళ్ళతో మెదిపి శనగగింజంత ఉండలు చెయ్యాలని, భోజనమయ్యాక మొగుడి నోట్లో ఒకటి పెట్టడం మరిచిపోకూడదని చెప్పింది. అత్త చెప్పిన వాటిలో అకిరోపిత కాదనకుండా చేసిన పని అదొక్కటే అయ్యుంటుంది.

ఊళ్ళో ఇంకో మాట కూడా ఉండేది. దాన్ని ఎవరూ గట్టిగా అనేవాళ్ళు కాదు. కొప్పెర మనుషులు ముసలివాళ్ళు కారు అని. బర్తొలో తండ్రి జుట్టు నెరవకముందే పోయాడు. ముందు కాళ్ళు బరువెక్కాయి, తర్వాత చేతులు. ఒక మధ్యాహ్నం ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. అతనికి ముందు తెడ్డు పట్టినవాడూ అలాగే పోయాడని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆవిరి ఎముకల్లోకి దిగుతుందని కొందరు, ఆ మంట గుండెను ఎండబెడుతుందని కొందరు అనేవారు. తెడ్డు చేతికిచ్చేవాడికీ, పుచ్చుకునేవాడికీ కూడా ఆ సంగతి తెలుసు.

బర్తొలో తన తండ్రి పోయిన వయసుకు దగ్గరవుతున్నాడు. ఆ ఏడు చలికాలం అతిమధురం వేర్లు బాగా వచ్చాయి. లారీలు గేటు ముందు బారులు తీరాయి. శనివారం సాయంత్రం తప్ప కొప్పెర చల్లారలేదు.

కార్ఖానా కింద రైలు పట్టాల పక్కన, ఊరు పైన కొండ మీద. పని అయ్యాక అందరం రాతిమెట్ల దారిలో పైకి ఎక్కేవాళ్ళం. బర్తొలో అందరికంటే ముందు ఎక్కి, పైన సందు మొగలో నిలబడి భార్యను వెక్కిరిస్తూ ఉండేవాడు. ఆ ఏడు అతను మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఆగి, వెనక్కి తిరిగి సముద్రం చూసేవాడు.

"పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా సముద్రం చూశాడా ఈయన?" అంది అకిరోపిత నాతో. నవ్వుతూనే అంది. కానీ ఆమె కళ్ళు అతని మోకాళ్ళ మీద ఉన్నాయి.

తర్వాత తలనొప్పులు వచ్చాయి. చీలమండలు వాచాయి. ఒక ఉదయం లేచేసరికి చేతివేళ్ళు కొంకర్లు పోయి, కాఫీ గిన్నె పట్టుకోలేకపోయాడు. ఫిలొమేన పొయ్యి దగ్గర కూర్చుని అదంతా చూసింది. ఆమె ఏమీ అనకపోతే బాగుండేదని అకిరోపిత తర్వాత నాతో చెప్పింది. ఆమె మాత్రం నెమ్మదిగా అంది: "మీ మావకీ ఇలాగే మొదలైంది."

ఆ రోజు నుంచి అకిరోపిత బల్ల దగ్గర మాట్లాడడం తగ్గించింది. ఆమె మాట్లాడకపోతే బల్లంతా బోసిపోయేది. ఏమైందని ఎవరైనా అడిగితే పన్ను నొప్పి అనేది.

మా డాక్టరు కొన్వెర్సో దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు మంచివాడు, ఊరందరినీ పేరుతో పిలిచేవాడు. రక్తపోటు చూసి మొహం చిట్లించాడు. ఏం తింటున్నాడని అడిగితే అకిరోపిత ఒక్కటీ దాచకుండా చెప్పింది. చిన్న చేపలతో చేసే ఎర్రకారం, ఉప్పులో ఊరేసిన ఆలివ్‌లు, గట్టి గొర్రెపాల జున్ను, భోజనంతో వైను, రోజుకు పెట్టెడు సిగరెట్లు. అన్నీ మానెయ్యాలన్నాడు డాక్టరు. ఒంట్లో నీరు తీసే మాత్రలు రాసిచ్చాడు. సిగరెట్ మానితే నోరు ఊరుకోదు కదా అని బర్తొలో గొణిగితే, డాక్టరు నవ్వి బల్ల మీదున్న తన చిన్న డబ్బా తెరిచి శుద్ధం బిళ్ళ ఒకటి అతని చేతిలో పెట్టాడు. ఇంకొకటి తన నోట్లో వేసుకున్నాడు.

గోకు సంగతి అకిరోపిత చెప్పలేదు. దాచాలని కాదు. తాగే నీళ్ళ గురించి డాక్టరుకు ఎవరు చెబుతారు? మా ఊళ్ళో అతిమధురం తిండీ కాదు, మందూ కాదు. నోట్లో ఉంటుంది, అంతే.

ఆమె ఇంట్లో ఉప్పు డబ్బా అటక మీద పెట్టేసింది. ఎర్రకారం జాడీ పక్కింటికి ఇచ్చేసింది. ఉప్పు లేని రొట్టె విడిగా కాల్చేది. సిగరెట్ బదులు అతని చొక్కా జేబులో గోకు ఉండలు వేసి పంపేది. కొప్పెర దగ్గర నిలబడినంతసేపూ ఒకటి బుగ్గన ఉండేది. బలం తగ్గుతున్న కొద్దీ బలం పెంచాలి కదా అని, సాయంత్రం పెద్ద ఉండ ఒకటి వేడినీళ్ళలో కరిగించి గ్లాసెడు తాగించేది. కార్ఖానాలో పగిలిన బంక బిళ్ళలు మాకు ఊరికే ఇచ్చేవారు. పంచదార వల్ల ఒంటికి ఓపిక వస్తుందని నేను కొన్ని పొట్లం కట్టి ఇస్తే వెనక్కి ఇచ్చేసింది. జబ్బు మనిషికి కల్తీ సరుకు పెట్టనంది.

అతను ఇంకా నీరసించాడు.

ఫిలొమేన దిష్టి తీసింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, కొడుకు తల మీదుగా తిప్పి, మూడు చుక్కల నూనె వదిలింది. నూనె చుక్కలు నిలవలేదు, పళ్ళెమంతా పరుచుకున్నాయి. అది బలమైన దిష్టి అని ఆమె తేల్చింది. అకిరోపిత అలాంటివి నమ్మే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నూనె పరుచుకోవడం చూసి, పళ్ళెం తనే తీసుకెళ్ళి బయట పారబోశానని చెప్పింది.

మా బల్ల గదికీ కొప్పెర గదికీ మధ్య ఒక గోడ. తెడ్డు తిరుగుతున్నప్పుడు దాని కాడ కొప్పెర అంచుకు తగిలి చప్పుడు చేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ చప్పుడు వింటూ మేం దాన్ని వినడం మానేశాం. ఆ చలికాలం అకిరోపిత ఒక్కతే దాన్ని వినేది. చప్పుడు నెమ్మదిస్తే ఆమె చేతిలో కత్తి నెమ్మదించేది. ఆగితే ఆగేది. మళ్ళీ మొదలయ్యాక ఊపిరి వదిలి ముక్క కోసేది. పక్కన కూర్చున్న నాకు కూడా ఆ రోగం అంటుకుంది. ఇద్దరం గోడ వంక చెవులు పెట్టి కూర్చునేవాళ్ళం.

ఒక పూట చప్పుడు ఆగి మళ్ళీ మొదలవలేదు.

ఆమె లేచిన తీరుకు బల్ల మీది ముక్కలు నేలపాలయ్యాయి. నేను వెనకే వెళ్ళాను. బర్తొలో కొప్పెర గట్టుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. తెడ్డు ముద్దలో కూరుకుపోయి నిలబడి ఉంది. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి, తెలివి ఉంది. తల మాత్రం ఒక పక్కకు వాలిపోయింది, దాన్ని నిలబెట్టుకోలేకపోతున్నాడు.

"మంట తియ్యమను, ముద్ద మాడిపోతోంది" అన్నాడు.

"మాడనీ. లే."

"చేతులు రావట్లేదు, అకిరో."

ఆ మాట అతను మామూలుగా, గొంతు పెంచకుండా చెప్పాడు. ఆమె అతని చెయ్యెత్తి వదిలింది. అది తడిబట్టలా పడింది. ఆమె మొహంలో రక్తం లేదు. అతని తలను రెండు చేతులతో పట్టుకుని, ఆసుపత్రికి తీసుకెళ్ళే లారీ వచ్చేదాకా అలాగే నిలబెట్టి ఉంచింది.

కొసెన్జా పట్నం ఆసుపత్రిలో పడకలన్నీ వరసగా ఒకే పెద్ద గదిలో ఉండేవి. పెద్ద డాక్టరు మజ్జూకా బక్కపలచటి మనిషి, నవ్వడు. రక్తం పరీక్ష చేసి, కండరాలు పనిచేయడానికి ఒంట్లో ఉండాల్సిన పొటాషియం అనే లవణం అడుగంటిపోయిందని చెప్పాడు. కండరమంటే కాళ్ళూ చేతులే కాదు, గుండె కూడా కండరమేనని, అది ఎప్పుడైనా తప్పటడుగు వేయొచ్చని కూడా చెప్పాడు. ఆ లవణాన్ని సీసాల్లో కలిపి నరానికి ఎక్కించారు. కొద్ది రోజుల్లో బర్తొలో తల ఎత్తగలిగాడు. దుప్పటి కింద కాలివేళ్ళు కదిలించి చూపించాడు. నేను చూడడానికి వెళ్ళినప్పుడు అకిరోపిత ఆ దుప్పటి ఎత్తి, ఏదో వస్తువు చూపించినట్టు ఆ వేళ్ళు నాకు చూపించింది.

వార్డు చూసే సిస్టర్ లెతీసియా చాలా కచ్చితం. బయటి తిండి గుమ్మం దాటనిచ్చేది కాదు. అకిరోపిత తెచ్చిన నారింజలు కూడా గుమ్మం దగ్గరే తీసేసుకుంది. నియమాన్ని అకిరోపిత తప్పలేదు. రొట్టె తేలేదు, జున్ను తేలేదు. గోకు డబ్బా మాత్రం ఆమె చేతిసంచిలో ఉండేది. అతను కాస్త కోలుకుంటున్నాడు కదా అని ధైర్యం వచ్చి, చూడడానికి వచ్చే వేళల్లో ఒక ఉండ, వెళ్ళబోయే ముందు ఒక ఉండ అతని బుగ్గన పెట్టేది. ఆసుపత్రి తిండి సయించక అతనూ దానికోసం చూసేవాడు.

వారం తిరిగేసరికి కాలివేళ్ళు మళ్ళీ ఆగిపోయాయి.

డాక్టరు సీసాలు పెంచాడు. ఎంత ఎక్కించినా ఒంట్లో నిలవడం లేదు. గుండె కొట్టుకోవడం వరస తప్పిందని, మంచం పక్కన ఒక యంత్రం తెచ్చి పెట్టారు. ఒక ఉదయం డాక్టరు అకిరోపితను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"పోసింది పోసినట్టే ఎటో పోతోందమ్మా. ఎటు పోతోందో నాకు అర్థం కావట్లేదు. మీవాళ్ళు ఎవరైనా చూడాలనుకుంటే రమ్మని చెప్పు."

ఆమె ఊరికి ఫోను చేయించింది. ఫిలొమేన రానంది. మొగుణ్ణి చూసిన కళ్ళతో కొడుకును చూడలేనంది. మా బల్ల తరఫున నేను బస్సెక్కాను.

నేను చేరేసరికి వార్డులో కలకలంగా ఉంది. సిస్టర్ లెతీసియా బర్తొలో తలగడ గలీబు పట్టుకుని నిలబడి ఉంది. దాని మీద అరచేయంత నల్లటి మరక. అతను నిద్రలో నోరు తెరిస్తే కారింది. నల్లటి రక్తం అంటే కడుపులో పుండు పగిలిందన్నమాట. సిస్టర్ మొహం పాలిపోయింది. డాక్టరు పరుగున వచ్చాడు, వెనకే ఇద్దరు నర్సులు మంచాన్ని ఆపరేషన్ గదికి తోయడానికి చక్రాల గొళ్ళాలు తీస్తున్నారు. ఈ గుండెతో ఆ బల్ల ఎక్కితే దిగడని డాక్టరు సిస్టర్‌తో అనడం నేను విన్నాను. అకిరోపిత కూడా విన్నది.

ముందు ఆమె కూడా రక్తమనే అనుకుంది. మంచం పట్టీ పట్టుకుని ఊగిపోయింది. తర్వాత గలీబు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు వాసన తగిలింది. ఆమె చెయ్యి చాచి, మరక మీద వేలు రాసి, నాలుక మీద పెట్టుకుంది. సిస్టర్ శిలువ గుర్తు వేసుకుంది.

"రక్తం కాదండీ" అంది అకిరోపిత. "గోకు."

"గోకేంటి?" అన్నాడు డాక్టరు.

ఆమె చెప్పింది. కొప్పెర అంచు గోకు. శుద్ధం. వేరు తప్ప ఇంకేం కలవదు. చెబుతూ చెబుతూ డాక్టరు మొహం చూసింది, మాట నెమ్మదించింది. డాక్టరు మంచాన్ని ఆపమని చెయ్యెత్తాడు. అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని నాకనిపించింది.

"ఎంత పెడతావు? తక్కువ చేసి చెప్పకు. నువ్వు తక్కువ చెబితే నేను మందు తప్పు పోస్తాను."

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. మా ఊళ్ళో ఏమంటారో, ఫిలొమేన ఏమంటుందో ఆమె కళ్ళముందు తిరుగుతూ ఉండి ఉంటుంది. ఒక్కటి తగ్గించి చెప్పినా ఎవరికీ తెలియదు. ఆమె పెదవులు తడుపుకుంది. సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పి, డాక్టరు అరచేతిలో ఉండలు పోసింది. పొద్దున్న ఇన్ని, పనిలో జేబులో ఇన్ని, సాయంత్రం నీళ్ళలో ఇంత అని వేలితో జరుపుతూ చూపించింది. ఇక్కడికొచ్చాక రోజూ పెట్టినవి కూడా చూపించింది.

"ఎప్పట్నించి?"

"పెళ్ళయినప్పట్నించి."

డాక్టరు ఉండల్ని తిరిగి డబ్బాలో పోసి సిస్టర్‌కిచ్చాడు. చిన్నతనంలో తనూ ఈ బిళ్ళలు తిన్నవాడేనన్నాడు. ఒకప్పుడు కడుపు పుండుకు ఇదే వేరు నుంచి తీసిన మందు ఇచ్చేవారని, దాంతో ఇద్దరు రోగులకు కాళ్ళు చచ్చుబడడం తన కళ్ళతో చూశానని చెప్పాడు. ఆ రసం ఎక్కువైతే ఒంట్లో ఉప్పును, నీళ్ళను పట్టి ఉంచి, ఉండాల్సిన లవణాన్ని బయటికి తోసేస్తుంది. నీరు తీసే మాత్రలు దానికి తోడయ్యాయి. ఏదో ఒక బిళ్ళ చప్పరించేవాడికి ఏమీ కాదు. పిండీ పంచదారా కలిపిన చవక రకం డబ్బాడు తిన్నా బహుశా ఏమీ అయ్యేది కాదు. ఇది ఉత్త సారం.

అకిరోపిత అంతా విన్నది. చివరికి ఒకటే అడిగింది. మా మావ కూడా కొప్పెర మనిషే, ఆయనకీ కాళ్ళే పోయాయి, ఆయనా దీనివల్లే పోయాడా అని. తను చూడని మనిషి గురించి చెప్పలేనన్నాడు డాక్టరు.

ఇక మిగిలింది ఎదురుచూడడం. పెట్టడం ఆపినంత మాత్రాన ఒంట్లోది వెంటనే పోదని, గుండె నిలబడితే మనిషి నిలబడతాడని చెప్పారు. ఆపరేషన్ లేదు. మందు మార్చారు. సిస్టర్ ఆమెకు ఒక కుర్చీ వేసింది, వేళలు దాటినా లేవమనలేదు. యంత్రం మీద పచ్చటి గీత ఎగిరి పడుతూ ఉండేది. అది ఒకసారి ఎగరడం మానితే అకిరోపిత వెన్ను నిటారుగా అయ్యేది. మళ్ళీ ఎగిరేదాకా అలాగే ఉండేది. ఆమె చేతులు ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. వాటిని అతని మీద వెయ్యడానికి జంకుతోందని కాసేపటికి నాకర్థమైంది.

మధ్యాహ్నం బర్తొలో కళ్ళు తెరిచాడు. నోరు పిడచకట్టుకుపోయింది.

"ఒకటి పెట్టు" అన్నాడు.

"లేదు."

"డబ్బా సంచిలోనే ఉంటుందిగా. సిస్టర్ చూడట్లేదులే."

"పెట్టను."

"పెద్ద డాక్టరమ్మవైపోయావే" అన్నాడు. నవ్వబోయాడు, పెదవి ఒక పక్కే కదిలింది.

ఆమె అప్పుడు చెప్పింది. దాని వల్లేనట అని, కాళ్ళూ చేతులూ, గుండె కూడా అని. చుట్టూ తిప్పి చెప్పడం ఆమెకు చేతకాదు. "ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే పెట్టాను, బర్తో" అంది.

అతను పైకప్పు వంక చూశాడు. వినలేదేమో అనుకున్నాను.

"నోరు తెరిచింది నేనేగా" అన్నాడు.

ఆమె లేచి గది బయటికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఆమె తిరిగి వచ్చేదాకా పచ్చగీత చూసే పని నాకు వదిలిందని తెలుసు.

అతను బతికాడు. ఒక్కసారిగా కాదు. ముందు మెడ నిలిచింది, తర్వాత వేళ్ళు కదిలాయి, తర్వాత చెంచా పట్టాడు. బాదం చెట్లు పూసే వేళకు ఇంటికి తీసుకొచ్చారు. కార్ఖానాలో అతన్ని కొప్పెర నుంచి మార్చి, లారీల్లో వచ్చిన వేర్లను చూసి దించుకునే గేటు దగ్గర కుర్చీ ఇచ్చారు. తెడ్డు సావేరియో అనే అతనికి వెళ్ళింది. శనివారం గోకు కూడా అతని ఇంటికే వెళ్ళింది.

అకిరోపిత సావేరియో భార్య రొసాల్బా దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. రొసాల్బా గుమ్మంలోనే నిలబెట్టి విన్నది.

"కొప్పెర పోయినా గోకు మీద మనసు పోలేదన్నమాట, వదినా" అంది.

ఎవరి మాటకైనా అప్పటికప్పుడే బదులిచ్చే అకిరోపిత అక్కడి నుంచి తిరిగి వచ్చేసింది. మర్నాడు బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక, రొసాల్బా కూడా ఉండగా, కత్తి కింద పెట్టి చెప్పింది. తన మొగుడి కాళ్ళు తీసింది ఆవిరి కాదు, మంట కాదు, దిష్టి కాదు, తనేనని. ఎన్ని ఉండలు, ఎన్నేళ్ళు అని మొత్తం చెప్పింది. రొసాల్బా తల ఎత్తలేదు. ఆ శనివారం సావేరియో గోకు గీకి, యజమాని చూస్తుండగా దాన్ని తిరిగి కొప్పెరలోనే వేశాడు.

ఆ మాట సాయంత్రానికి కొండ ఎక్కింది. ఫిలొమేన పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది.

"అయితే నా మొగుణ్ణి నేనే చంపుకున్నానంటావా?"

"నేను నా మొగుడి సంగతే చెప్పానత్తా."

ఫిలొమేన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. కోడలి చేతి వంట తింటూనే ఉంది. కోడలితో మాట్లాడడం మాత్రం మానేసింది. అకిరోపిత ఆమె కంచంలో వడ్డించి, తను ముందు ఒక ముద్ద తిని చూపించి, అప్పుడు ఆమె ముందుకు జరిపేది. అలా చెయ్యమని ఎవరూ అడగలేదు.

బర్తొలో జుట్టు తెల్లబడింది. మా ఊళ్ళో నెరిసిన తలతో తిరిగిన మొదటి కొప్పెర మనిషి అతనే అని అందరూ అనేవారు. అంటుంటే అతను మురిసిపోయేవాడు. అకిరోపిత మాత్రం మురిసినట్టు కనిపించేది కాదు. డాక్టరు ఇక భయం లేదన్నాడు, రక్తం బాగుంది, గుండె బాగుంది. అయినా ఆమె అతని పక్కన నడవడం మానేసింది. చర్చికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, కార్ఖానా నుంచి మెట్లెక్కినా, నాలుగడుగులు వెనకే నడిచేది. ముసలితనంలో మొగుడి మీద గౌరవం పుట్టుకొచ్చిందని కుర్రవాళ్ళు వెక్కిరించేవారు. వాళ్ళకు తగిన జవాబు ఆమె ఇచ్చేది కూడా. ఆమె చూపు మాత్రం అతని పిక్కల మీద నుంచి కదిలేది కాదు.

నేను వాళ్ళిద్దరినీ కలిసి చివరిసారి చూసింది మెట్ల దారిలోనే. బర్తొలో ఒక మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ముందుకు రావే. ఎవరైనా చూస్తే తగువాడుకున్నామనుకుంటారు."

"అనుకోనీ. నువ్వు నడు."

అతను నడిచాడు. అతని పాదం పై మెట్టు మీద పూర్తిగా ఆనేదాకా ఆగి, ఆమె తన పాదం ఎత్తింది.